ఎనిమిది ఇనప బిళ్ళలు

కొలత విషయంలో మా అక్క ఎవరి మాటా నమ్మదు. "నా నడుం ముప్పై నాలుగండీ" అంటూ వచ్చినవాడి చేతులు పైకెత్తించి, టేపు చుట్టి, ముప్పై ఎనిమిది అని మొహం మీదే చెబుతుంది. కడుపు లోపలికి పీల్చి నిలబడేవాళ్ళని చూస్తే మరీ మంట. "ఊపిరి వదలండి. కోటు వేసుకున్నంతసేపూ ఇలాగే బిగబట్టుకుని తిరుగుతారా?" అని అడుగుతుంది. వదిలేదాకా టేపు తియ్యదు. అలాంటి మనిషి ఆస్పత్రి తూకం మిషన్ని రెండుసార్లు మోసం చేసింది. ఆ మోసానికి కావలసిన పట్టీ కుట్టి ఇచ్చింది నేను. ఆ సంగతి ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి.

వీధిలో అక్కని అందరూ టేపమ్మ అంటారు. యాభై రెండేళ్ళుగా కటింగ్ మాస్టరు. కోట్లు, ప్యాంట్లు, బడి యూనిఫారాలు, అప్పుడప్పుడు బ్యాండు వాళ్ళ దుస్తులు. తను వేసుకునేది కూడా తను కత్తిరించిన చొక్కా, బయటికెళ్తే పైన కోటే. ఆవిడ గుడ్డ కత్తిరిస్తుంది, నేను కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, అంచులు మడుస్తాను. ఆవిడకంటే ఆరేళ్ళు చిన్నదాన్ని. ఆరేళ్ళు చిన్నదాన్ని కాబట్టి డెబ్బై ఏళ్ళొచ్చినా నాకేమీ తెలియదని ఆవిడ నమ్మకం. మా దుకాణం ఒక్కటే గది. గోడకి ఆనుకుని రెండు మిషన్లు, మధ్యలో పది అడుగుల బల్ల, కింది మూల మసకబారిన నిలువుటద్దం. కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. ఎదురుగా మందుల షాపు, దాని పక్కన బస్టాపు. బల్ల మీద పరిచిన గుడ్డ కదలకుండా పెట్టడానికి అరకిలో ఇనప బిళ్ళలు ఎనిమిది ఉంటాయి. మా బావ బతికున్న రోజుల్లో చేయించినవి. అరచెయ్యంత వెడల్పు, వేలి మందం. వాటిని ఎవరైనా కాగితాలు ఎగరకుండా వాడుకుంటే అక్క ఒప్పుకోదు.

జబ్బు సంగతి ముందు కనిపెట్టింది కూడా ఆవిడ టేపే. రెండున్నరేళ్ళ కిందట తన చొక్కా ఎడమవైపు కాస్త వదులైందని ఆవిడకు తెలిసింది. కొలుచుకుంది. కుడికీ ఎడమకీ ముప్పావు అంగుళం తేడా వచ్చింది. ఇంకెవరైనా అయితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఈవిడ చొక్కా కుట్టు విప్పి ఎడమవైపు ముప్పావు అంగుళం లోపలికి పట్టింది. తర్వాత ఉన్న చొక్కాలన్నీ అలాగే సరిచేసుకుంది. నాతో ఒక్క మాట అనలేదు. తర్వాత వెన్ను నొప్పి మొదలైంది. వంగి కత్తిరించే పని కదా, మామూలే అనుకుంది. ఒకరోజు బల్ల మీదినుంచి లేవలేక అలాగే పడుకుండిపోతే అప్పుడు చెప్పింది, చొక్కాల సంగతి కూడా. నాకు కోపంతో నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం మా వీధిలో ఎవరూ ఎరగరు.

రొమ్ము క్యాన్సరు. అప్పటికే వెన్నుపూసల్లోకి, కాలేయంలోకి పాకింది. హార్మోను మాత్రలకు లొంగే రకం కాదట. చేస్తే కీమోయే చెయ్యాలన్నారు.

డాక్టరు నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. మేం ముగ్గురం వెళ్ళాం, అక్క, నేను, అక్క కూతురు. ఆ పిల్ల బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసే ఉద్యోగం చేస్తుంది. పిల్ల అంటున్నాను గానీ దానికి నలభై ఎనిమిది. ఏది ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు చేరుతుందో కాగితం మీద లేకపోతే దానికి కాలూచెయ్యీ ఆడదు. చెడ్డది కాదు. భయమేస్తే కాగితం తీస్తుంది, అంతే.

"అమ్మకి డెబ్బై నాలుగండీ," అంది డాక్టరుతో, కాగితం తీస్తూ. "ఈ వయసులో ఆ మందులు తట్టుకుంటుందా? ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉండనివ్వడం మంచిది కాదా?"

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకుంటున్నాను. వీధిలో కీమో చేయించుకున్నవాళ్ళని చూశాను. జుట్టు పోయి, కళ్ళు లోపలికి పోయి, తిన్నది కక్కుకుంటూ. మా అక్కని అలా చూడటం నావల్ల కాదనుకున్నాను. అప్పుడు నేను ఆలోచించింది అక్క సుఖం గురించి కాదు, నా సుఖం గురించి. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

డాక్టరు ఆ ప్రశ్న పక్కన పెట్టి అక్క వైపు తిరిగాడు. అక్కని చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, గుమ్మందాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోమన్నాడు. గడియారం చూసి లెక్కపెట్టాడు. ఆ తర్వాత కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నాడు. అక్క ముందు పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది పెట్టి, మిగిలినవి వాటి మధ్య సమంగా పంచింది. ముళ్ళు గీసి, కాగితం ఇస్తూ, "మీ కోటు కుడి భుజం అరంగుళం జారింది. ఎవరు కుట్టారో గానీ భుజం కొలవకుండా కుట్టారు," అంది. డాక్టరు నవ్వి, కోటు సర్దుకున్నాడు.

"అమ్మా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను," అన్నాడు. "దీన్ని పూర్తిగా పోగొట్టలేను. ఆపగలిగినంత కాలం ఆపడానికి చూస్తాను. మీ వయసువాళ్ళ మీద ఈ మందులు పరీక్షించింది తక్కువ, అందుకని ఇన్నాళ్ళు అని అంకె చెబితే అది అబద్ధమే. కొందరికి నెలలు కలిసొస్తాయి, కొందరికి ఏళ్ళు. మీ గుండె బాగుంది, కిడ్నీలు బాగున్నాయి, ఇప్పుడు చూశాను, నడకా బుర్రా కూడా బాగున్నాయి. వయసు చూసి మాత్రమే వద్దనను. కాకపోతే తినాలి, తిరగాలి. బరువు పడిపోతుంటే మాత్రం మందు సంగతి మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది."

"వేయండి," అంది అక్క.

బయట వరండాలో కూతురు ఏడ్చింది. "ఎందుకమ్మా ఇంత బాధ? ఏం మిగిలిందని?"

"బతకాలని ఉందే."

"అది కాదమ్మా. ఏదైనా చూడాలనుందా, ఎక్కడికైనా వెళ్ళాలనుందా, చెప్పు. తీసుకెళ్తాను."

"ఎక్కడికీ వద్దు. పొద్దున్నే లేచి దుకాణం తలుపు తీయాలనుంది. బతకడానికి కూడా కారణం రాసిమ్మంటావా? మీ డిపోలో బస్సులన్నిటినీ అడుగుతారా, ఎందుకు తిరుగుతున్నాయని?"

అక్క పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కూతురు కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. నేను అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. దిగుతూ దిగుతూ ఆవిడే నన్ను పట్టుకుంది, ఎందుకంటే నాకు మోకాళ్ళ నొప్పులు.

మూడు వారాలకొకసారి మందు. పెద్ద హాలు, వాలు కుర్చీలు పన్నెండు, ఒక్కొక్క కుర్చీ పక్కన సీసా వేలాడదీసే కమ్మీ. వెళ్ళగానే రక్త పరీక్ష, ఆ తర్వాత తూకం, ఆ తర్వాత మందు కలపడం. మనిషి ఎత్తూ బరువూ చూసి ఎవరి మందు వాళ్ళకి విడిగా కలుపుతారని నర్సు చెప్పింది. అక్కకి అది తెగ నచ్చింది. "రెడీమేడ్ కాదన్నమాట," అంది. ఆ రోజు బరువు యాభై ఒకటి.

మొదటి మందు తర్వాత జుట్టు పోయింది. దాన్ని ఆవిడ లెక్కచెయ్యలేదు. మిగిలిన గుడ్డముక్కలతో నాలుగు టోపీలు నేను కుట్టాను, నాలుగూ బాగోలేవంది. నోట్లో పుళ్ళు వచ్చాయి. ఏం తిన్నా ఇనుము నాకినట్టుందని గిన్నె పక్కకి నెట్టేసేది. వేళ్ళ చివరలు మొద్దుబారాయి. సూదిలో దారం ఎక్కించబోయి, సూది చేతిలో ఉందో జారిపోయిందో తెలియక నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. కత్తెర మాత్రం వదల్లేదు. రోజుకి ఒక్క ప్యాంటైనా కత్తిరించి తీరాలని పంతం.

రెండో మందుకి ఇంకా మూడు రోజులుందనగా ఎదురుగా మందుల షాపులో మిషనెక్కి చూసుకుంది. నలభై తొమ్మిది. దుకాణంలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నడుముకి కట్టుకునే పట్టీ ఒకటి కుట్టు," అంది. "చుట్టూ అరలు ఉండాలి. ఎనిమిది. చప్పుడు కాకుండా లోపల మందం గుడ్డ వెయ్యి."

బల్ల మీద బిళ్ళల వంక చూసేసరికి నాకు అర్థమైంది. "నీకు మతిపోయిందా? చెయ్యను," అన్నాను.

"నా వేళ్ళు పనిచేస్తే నేనే కుట్టుకునేదాన్ని. నిన్ను అడిగేదాన్ని కాదు."

"బరువు తగ్గిందని డాక్టరుకి చెబితే ఏమవుతుంది?"

"మందు ఆపేస్తాడు. మొదటిరోజే చెప్పాడుగా. ముసలిదానికి ఎక్కించడానికి వాళ్ళకే ఇష్టం లేదు. నా కూతురికి ఇష్టం లేదు. నీకూ ఇష్టం లేదు, నాకు తెలియదనుకోకు. చిన్న సాకు దొరికితే చాలు, అందరూ కలిసి నన్ను ఇంట్లో పడుకోబెట్టేస్తారు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమైన మాట కాబట్టి గుచ్చుకుంది. నా మనసులో ఉన్నది ఆవిడకు తెలిసిపోయిందన్న సిగ్గుతో, నీ పక్షానే ఉన్నానని చూపించుకోవడానికి, ఆ మధ్యాహ్నమే పట్టీ కుట్టేశాను. నా జన్మలో అంత నీటుగా ఏ పనీ చెయ్యలేదు. అరలకి జంట కుట్టు వేశాను, పైన మూతలు పెట్టాను, ఒక్కో మూతకి ఒక్కో బొత్తం. కాజాలు కూడా కుట్టాను. తప్పు చెయ్యడంలో కూడా పనితనం చూపించే వంశం మాది.

రెండోసారి నాలుగు బిళ్ళలు. కోటు విప్పి ఎక్కమంది నర్సు. కోటు విప్పి ఎక్కింది. వదులు చొక్కా కింద పట్టీ కనపడలేదు. యాభై ఒకటి. "భలే ఉన్నారే, గ్రాము కూడా తగ్గలేదు," అని నర్సు మెచ్చుకుంది. అక్క నా వైపు చూడలేదు. మూడోసారికి అసలు బరువు నలభై ఆరున్నర. ఎనిమిది బిళ్ళలూ పెట్టుకుంది. అంటే నాలుగు కిలోలు. మిషన్ మీద యాభైన్నర చూపించింది. అరకిలో తగ్గితేనే నిజంలా ఉంటుందని నాతో గుసగుసలాడింది. ఆస్పత్రి నడవాలో ఆ ఇనుము మోసుకుని నడుస్తుంటే ఆవిడ పెదాలు తెల్లబడ్డాయి. నేను చెయ్యి అందిస్తే వద్దంది.

మూడో మందు వేసిన తొమ్మిదో రోజున జ్వరం వచ్చింది. పొద్దున బల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడి, గీత గీయకుండా అలాగే ఉండిపోయింది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. ఆస్పత్రిలో చేర్చారు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయన్నారు, వేరే గదిలో పెట్టి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. రెండు రోజులు నన్ను గుర్తుపట్టింది గానీ మాట్లాడలేదు. కూతురు తలుపు బయట కుర్చీలో కూర్చుని ఏవేవో రాసుకుంది, కొట్టేసుకుంది. నాకు చెయ్యడానికి పనేమీ లేదు. కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం డాక్టరు వచ్చి అక్క కడుపు మీద వేళ్ళతో తట్టి చూశాడు. కాళ్ళు నొక్కి చూశాడు. కాగితాలు తిరగేశాడు. నన్నూ అక్క కూతుర్నీ గది బయటికి పిలిచాడు.

"నాకు ఒకటి అర్థం కావడంలేదు," అన్నాడు. "చేతులూ కాళ్ళూ ఇంత చిక్కిపోయాయి. బరువు చూస్తే అలాగే ఉంది. ఇలా జరిగిందంటే మామూలుగా పొట్టలో నీరు చేరుతోందని అర్థం. అంటే కాలేయంలో జబ్బు పెరుగుతోందన్నమాట, మందు పనిచెయ్యడం లేదన్నమాట. రేపు స్కాన్ తీయిస్తాను. అదే అయితే ఇంక కీమో ఆపేద్దాం. పనిచెయ్యని మందుతో ఆవిణ్ణి బాధపెట్టి లాభం లేదు."

కూతురు తలూపింది. దాని కళ్ళల్లో నీళ్ళతోపాటు కాస్త తెరిపి కూడా చూశాను. ఆపేద్దాం అన్న మాట ఇంకొకరు అనాలని ఎదురుచూసిన మనిషి తెరిపి అది.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చెబితే అక్క నన్ను ఈ జన్మలో క్షమించదు. బరువు తగ్గిన సంగతి తెలిస్తే మందు ఆపేస్తారనే కదా ఇదంతా చేసింది. చెప్పకపోతే లేని నీటికి, పెరగని జబ్బుకి మందు ఆగిపోతుంది. ఎటు చూసినా ఆగేటట్టే ఉంది. అప్పుడు నాకు తట్టింది ఒక్కటే. ఈ మనిషి తప్పు కొలత పట్టుకుని మా అక్కని కత్తిరించబోతున్నాడు. తప్పు కొలత ఇచ్చింది మేము.

"నీరు కాదండీ," అన్నాను. "ఇనుము."

డాక్టరుకి అర్థం కాలేదు. అన్నీ చెప్పాను. పట్టీ, అరలు, నాలుగు, ఎనిమిది. దుకాణానికి మనిషిని పంపించి ఆ పట్టీ తెప్పించాను, ఒట్టి మాటతో నమ్మడేమోనని. ఆయన దాన్ని చేత్తో ఎత్తి చూశాడు. మూతలకున్న బొత్తాలు కూడా చూశాడు.  అక్క కూతురు నా వైపు చూసిన చూపుకి నేను భూమిలోకి పోయుంటే బాగుండేది. "పిన్నీ, నువ్వు కూడానా?" అంది.

సాయంత్రానికి జ్వరం తగ్గింది. డాక్టరు తూకం మిషన్ని మంచం దగ్గరికి తెప్పించి అక్కని ఇద్దరం పట్టుకుని నిలబెట్టమన్నాడు. నలభై నాలుగు. అక్క అంకె చూసింది, తర్వాత నన్ను చూసింది. మంచం మీద కూర్చుని మొహం గోడవైపు తిప్పుకుంది.

"మొదటిసారి రెండు కిలోలు తగ్గినప్పుడే నాకు చెప్పాల్సింది," అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు. "బరువును బట్టి మోతాదులో వచ్చిన తేడా కొంచెమే. అసలు సంగతి అది కాదు. మీకు పడటంలేదని నాకు తెలియలేదు. తెలిసుంటే అప్పుడే మారుద్దును. నేను మీ చేతులు చూసి కూడా మిషన్నే నమ్మాను, అది నా బుద్ధితక్కువ."

"ఆపేస్తారుగా," అంది అక్క గోడతో.

"ఎవరన్నారు?"

"మీరే. మొదటిరోజు."

"మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది అన్నాను. చూడటమంటే ఆపడం కాదు. మూడు వారాలకి సరిపడా ఒకేసారి వెయ్యకుండా, తక్కువ తక్కువగా వారం వారం వేయొచ్చు. మీ వయసు వాళ్ళు కొందరు అలా అయితే బాగా తట్టుకుంటారు. మధ్యలో ఒక వారం వదిలేయొచ్చు. వాంతులకి వేరే మందుంది. తిండి సంగతి చూడటానికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మనిషి ఉంది. ఇవన్నీ చెయ్యాలంటే నాకు నిజం కావాలి. ముందు రేపు స్కాన్ చూద్దాం."

స్కానులో నీరు లేదు. కాలేయంలో మచ్చలు మునుపటికంటే చిన్నవయ్యాయి. మందు పనిచేస్తోంది, మనిషికి పడటంలేదు, అంతే. ఆ కబురు చెప్పినప్పుడు అక్క కూతురు ఏడ్చింది, నేను ఏడ్చాను. అక్క డాక్టరుతో, "అయితే ఎప్పటినుంచి వారం వారం?" అంది. రక్తకణాలు పుంజుకోవడానికి రెండు వారాలు ఆగాలన్నాడు. ఆ రెండు వారాలు ఆవిడ కళ్ళు మూసుకుని గంటకొకసారి తిండి మింగింది. ఇనుము రుచి వచ్చినా మింగింది. మందు మింగినట్టు తిండి తినేది.

నాతో మాత్రం పదకొండు రోజులు మాట్లాడలేదు. పక్కనే కూర్చుని కాజాలు కుడుతున్నా, "ఆ కోటుకి బొత్తాలు ఎవరైనా వేస్తే బాగుండు" అని అద్దంతో అనేది. నేనూ అద్దానికే జవాబు చెప్పేదాన్ని. పన్నెండోరోజు ఒకాయన సూటు కొలతలకి వచ్చి, అలవాటు ప్రకారం పొట్ట బిగబట్టి నిలబడ్డాడు. అక్క నోరు తెరిచింది. తెరిచి, నా వైపు చూసి, ఏమీ అనకుండా మూసేసింది.

"అనవేం?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని అనను?" అంది. అదే మొదటి మాట. ఆ తర్వాత, "నువ్వు చెప్పకపోతే నేను చచ్చినా చెప్పేదాన్ని కాదు," అంది. పాపం ఆ కస్టమరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ తనంతట తానే ఊపిరి వదిలేశాడు.

వారం వారం మందు మొదలైంది. సోమవారం పొద్దున ఆస్పత్రి, మంగళవారం పడక, బుధవారం నుంచి దుకాణం. వేళ్ళ మొద్దుబారుడు పూర్తిగా పోలేదు. మందపాటి గుడ్డ మీద కత్తెర ఆడించలేకపోయింది. అప్పుడు పని పద్ధతి మార్చాం. అక్క సుద్దతో గీస్తుంది, నేను కత్తిరిస్తాను. యాభై ఏళ్ళు కాజాలు కుట్టినదాన్ని, ఇప్పుడు కత్తెర పట్టుకున్నాను. నేను కత్తిరిస్తున్నంతసేపూ పక్కన నిలబడి తప్పులు పడుతుంది. "గీత మీద వెళ్ళు. గీత పక్కన కాదు, గీత మీద." నోరు ఏ మందుకీ మొద్దుబారలేదు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. అంకె చెప్పలేనన్న డాక్టరు కూడా ఈ మధ్య అక్కని చూసినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి చూస్తాడు. మధ్యలో ఒకసారి మందు ఐదు నెలలు ఆపి విశ్రాంతి ఇచ్చారు, మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిడ కత్తిరించిన, కాదు, గీసిన కోట్లు వేసుకుని ఎంతమంది తిరుగుతున్నారో నాకు తెలియదు. చాలామందే. డాక్టరు కోటు భుజం కూడా సరిచేసింది, ఆయన అడక్కుండానే.

మొన్న గురువారం మళ్ళీ స్కాన్ తీశారు. మచ్చలు పెరిగాయి. కొత్తవి రెండు వచ్చాయి.

"ఈ మందు చెయ్యగలిగింది చేసింది," అన్నాడు డాక్టరు. "ఇంకొక మందుంది. పనిచెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. ఇంతకంటే కష్టంగా ఉండొచ్చు. అది వద్దనుకుంటే నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా చూసుకుంటాం. అది కూడా వైద్యమే, చేతులెత్తెయ్యడం కాదు. మీరేదంటే అది. సోమవారం చెప్పండి."

అక్క కూతురు అలవాటుగా కాగితం తీసింది. ఏమీ రాయలేదు. "అమ్మ ఎలా అంటే అలా," అని డిపోకి వెళ్ళిపోయింది, కళ్ళు తుడుచుకుంటూ.

మేమిద్దరం ఆస్పత్రి ముందు బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాం. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. అక్క లేవలేదు. "వేయండి" అని అక్కడే అంటుందనుకున్నాను. అనలేదు.

"నువ్వేమంటావే?" అంది.

వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినైనా అడుగుతోందేమోనని. నా పెళ్ళప్పుడు నన్నడగలేదు. దుకాణం పెట్టేటప్పుడు అడగలేదు. నా చొక్కాకి ఏ రంగు గుడ్డ బాగుంటుందో కూడా ఆవిడే చెప్పేది.

"నన్నా?"

"నిన్నే. నేను తట్టుకుంటానా? నాకు తట్టుకోవాలనే ఉంటుంది, కాబట్టి నా మాట పనికిరాదు. నా కూతురికి భయం, కాబట్టి దాని మాట పనికిరాదు. నువ్వు చెప్పు."

ఆవిడ కోటు విప్పి పక్కన పెట్టింది. నేను చూశాను. మెడ ఎముకలు తేలాయి. మణికట్టు నా రెండు వేళ్ళకి చుట్టూ అందుతుంది. వీపు మాత్రం నిటారుగానే ఉంది. పొద్దున లిఫ్టు రాలేదని రెండంతస్తులు మెట్లెక్కింది, ఒక్కచోటే ఆగింది. మధ్యాహ్నం గిన్నె ఖాళీ చేసింది. నాకు ఆవిడ కావాలి. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే నాకోసం చెబుతున్నానా, ఉన్నది చెబుతున్నానా అని రెండుసార్లు చూసుకున్నాను.

"తట్టుకుంటావు," అన్నాను. "కానీ పోయినసారంత కాదు. రెండో మోతాదు దగ్గరే కూలబడతావేమో. ఆ రోజొస్తే అది కూడా చెబుతాను. ఇంక చాలక్కా, ఆపేద్దాం అని నేనే అంటాను."

"నేను ఒప్పుకోకపోయినా?"

"ఒప్పుకోకపోయినా."

అక్క లేచి నిలబడింది. కోటు తీసి వేసుకుంది. వేళ్ళకి పట్టు దొరక్క పై బొత్తం పెట్టుకోలేకపోతే నేను పెట్టాను.

"అయితే సోమవారం ఎనిమిదింటికల్లా తయారుగా ఉండు," అంది. "ఇవాళ నీవల్లే ఆలస్యమైంది."